దేవర ముందు బూట్లు

"తలగడ ఎవరు తీసినారు?"

కోవిల్‌పట్టి ఆసుపత్రి గదిలోకి వస్తూనే జానకియమ్మాళ్ అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, పరామర్శ లేదు. పోలీసు క్రైం విభాగంలో ముప్ఫయ్యేళ్ళు నలిగి, రిటైరయ్యాక విరుదునగర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషికి పరామర్శలకు తీరికెక్కడిది? చంకలో గుడ్డసంచీ, దవడలో వేరుసెనగ మిఠాయి ముక్క. కళ్ళు మాత్రం అప్పటికే గది నాలుగు మూలలూ తిరిగొచ్చాయి.

"నేనే తీస్తిని అక్కా," అంది కలైవాణి. "నిన్న పొద్దున్నే టీ తెచ్చేకి కిందికి పోయినాను. వచ్చేతలికి తలుపు వారగా తెరిచి ఉండాది. తలగడ నాయన తల కింద లేదు. మొగం మింద ఉండాది."

ఆ మాట అంటూ ఆమె మళ్ళీ తలుపు వైపు చూసింది. రాత్రంతా కుర్చీని తలుపుకు ఆనించి కూర్చుంది. నడవాలో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఊపిరి ఆగిపోయేది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో మందు వాసన పీలుస్తూ ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, నిప్పుకే బెదరని మనిషి. ఇప్పుడు నర్సు మందుల బండి తోసుకొస్తే ఉలిక్కిపడుతోంది.

మంచం మీద ఆమె తండ్రి ముత్తుపాండి కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. మూడు వారాల కింద పక్షవాతం వచ్చింది. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. చూపు మాత్రం తలుపు మీదనుంచి తీయడం లేదు.

జానకియమ్మాళ్ దుప్పటి తొలగించి అతని ఎడమచెయ్యి చూసింది. పాత కాలిన గాయం. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి చెయ్యి గరిటెలా ఉంది.

"ఇది ఎప్పటిది?"

"డెబ్బై ఒకటి యుద్దంలో అక్కా. నాయన నేవీలో ఉండె. ఓడ ఇంజిన్ గదిలో పని. రేవు చేరబోతా ఉంటే నూనె గొట్టం పగిలి మంట లేచినాదంట. నాయన కూట్టాళి, జతగాడు సంగిలి మామ, ఆయన ఊరు విరుదునగర్ పక్కన, ఒంటి మింద మంటలతోనే సముద్రంలోకి దూకేసినాడంట. మళ్ళా తేలలేదు. ఆయన దూకింది చూసినోడు నాయన ఒక్కడే."

"సరి. కుడిచెయ్యి లేవదు, ఎడమచెయ్యి పట్టుకోలేదు. తలగడకు రెక్కలు మొలవలేదు." మిఠాయి ముక్కను ఒక దవడనుంచి ఇంకో దవడకు మార్చింది. "ఎవడో వచ్చి అదిమినాడు. నీ అడుగుల చప్పుడు విని వదిలేసి పోయినాడు. ఇంటికి కూడా దొంగ వచ్చినాడని ఫోన్లో చెప్తివే, ఏమి పోయినాది?"

నిన్న సాయంత్రం తల్లి తంగం స్నానానికి ఇంటికి వెళ్తే తాళం పగిలి ఉంది. బీరువా ముట్టలేదు, ఇత్తడి బిందెలు ముట్టలేదు. పోయింది ఒక్కటే, గోడమీది సంగిలి పటం. ముత్తుపాండి ఏటా తమిళ లెక్క కార్తిక నెల ఆఖర్లో, డిసెంబరులో, దండ వేసి దీపం పెట్టే పటం. ఎప్పుడో చచ్చిపోయినవాడి బొమ్మను దొంగిలించేదెవడు?

"ఆ పటం మీ గోడ మింద ఉండాదని ఎవురికి తెలుసు?"

కలైవాణి నేల చూపులు చూసింది. "లోకానికంతా నేనే చెప్పినానక్కా."

ఫోను తీసి చూపించింది. పాత నేవీ కుటుంబాల గుంపులో నెల కింద ఆమె పెట్టిన ఫోటో. తన చెవులు కుట్టించిన రోజు ఇంటిల్లిపాదీ తీయించుకున్నది. కింద నాలుగు ముక్కలు. చెయ్యి కాలిన సంగతి తప్ప మా నాయన యుద్ధంలో ఏం చేశాడో మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పక్కనే ఉండి చనిపోయిన సంగిలి మామ పటం కూడా మా గోడమీద ఉంది. తెలిసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

"ఎందుకు పెడితివి?"

"ఊర్లో నన్ను పారిపోయొచ్చినోని బిడ్డ అంటారక్కా. నా తలకాయ నెరిసినా అదే మాట. మొన్న నా మనవరాలిని బళ్ళో అన్నారు. అందుకని..." ఆమె ఫోను బోర్లించింది. "నాయన ఇది చూసి వణికిపోయినాడు. 'తీసెయ్ వాణీ, ఆదివారం నీకొక సంగతి చెప్తాను' అన్నాడు. ఆదివారం రాకముందే పడిపోయినాడు. ఆ గాబరాలో నేను తీయనే లేదు."

తన వేలితోనే తండ్రి మీదికి చావును పిలిచానేమో అన్న అనుమానం నిన్నటినుంచి ఆమెను వదలడం లేదు. పైకి అనడానికి కూడా భయం.

జానకియమ్మాళ్, తంగం ఇంటినుంచి తెచ్చిన రేకుపెట్టెలోని ఫోటోలన్నీ మంచం కాళ్ళవైపు పరిచింది. వాటి వెనక తేదీలు లేవు, పేర్లు లేవు. అయినా పేకముక్కల్లా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయింది. టోపీ చెవుల్లోకి జారిపోతున్న కుర్రాడు. ఓడ డెక్కు మీద, నూనె మరకల బట్టల్లో, రెండు చేతులతో పెద్ద పానా ఎత్తిపట్టుకుని నవ్వుతున్నవాడు. ఎడమచెయ్యి జేబులో దాచుకుని, నవ్వడం మానేసినవాడు.

"నాకు తేదీలు అక్కరలేదు. ఎడమచెయ్యే క్యాలెండరు," అంది. "చెయ్యి బాగుంటే మంటకు ముందు. చెయ్యి దాస్తే మంట తర్వాత. ఇంక ఈ చెవులు కుట్టిన ఫోటోలో చెయ్యి యాడ?"

ఫోటోలో ముత్తుపాండి తెల్ల నేవీ బట్టల్లో అంచున నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి భార్య భుజం వెనక మాయమైంది. జానకియమ్మాళ్ గుడ్డసంచీలోనుంచి భూతద్దం తీసింది.

"అక్కా, ఆ ఫోటోకు భూతద్దం ఏమీ వద్దు. ఊరంతా చూసిందే."

గుమ్మంలోనుంచి తమిళంలో అన్నాడు ఉదయకుమార్. ఒకప్పుడు జానకియమ్మాళ్ కింద కానిస్టేబులు. ఇప్పుడు కోవిల్‌పట్టిలో సొంత సెక్యూరిటీ కంపెనీ, డిటెక్టివ్ బోర్డు. ఈ ఆసుపత్రి గార్డులు అతని మనుషులే. ఇంట్లో తెలుగువాడే అయినా బయట తమిళం తప్ప మాట్లాడడు. కోపం వస్తే మాత్రం ఇంటిమాట దానంతటదే తన్నుకొస్తుంది.

"రా తమ్ముడూ. నీ గార్డు తలుపు కాడ ఉండంగానే తలగడ ఎక్కి వచ్చినాదంట కదా."

"గార్డును పెట్టింది నిన్న మద్యాన్నం. అది జరిగినాంక." అతని మొహం ఎర్రబడింది. "జరిగింది అంటే ఏమి జరిగినాది? ముసలాయన కదిలినాడు, తలగడ జారినాది. ఈయమ్మ అరిచినాది. ఈ ఫోటో చూడక్కా. కార్తిక నెల. బయట యుద్దం జరగతా ఉండాది. ఈయన ఇక్కడ బిడ్డకు చెవులు కుట్టిస్తా ఉండాడు. పారిపోయొచ్చి పెండ్లాం పక్కన నిలబడినోడు. ఇట్లాంటోణ్ణి చంపేకి ఎవురొస్తారు? ఎందుకొస్తారు?"

కలైవాణి చెంపలు మండిపోయాయి. తండ్రి ముందే, ఆయన వింటుండగానే అన్నాడు. ముత్తుపాండి రెప్ప కూడా వేయలేదు.

"పారిపోయి రాలేదు!" తంగం మూలనుంచి లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. "రెండు దినాలు లీవులో వచ్చినారు. చెవులు కుట్టించి మళ్ళా పోయినారు." బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

జానకియమ్మాళ్ ఆమె పక్కకెళ్ళి ఫోటో చేతికిచ్చింది. "పెద్దమ్మా, ఇది యాడ తీసింది?"

"కారియాపట్టి పక్కన. మా కులదేవర కాడ. మేము ఆరేడు మందిమే పోయినాము."

"దేవర ముందరేనా?"

"ముందరే. పూజ అయినాంక."

"నీ పక్కన ఇదెవురు, మీ అన్నా? ఆయన కాళ్ళు చూడు. చెప్పులుండాయా?"

"దేవర ముందర ఎవురైనా చెప్పులేసుకుంటారా!"

"మీ అత్త?"

"ఉత్త కాళ్ళే."

"పూసారి?"

"ఏమమ్మా, నాతో ఎగతాళా?"

"లేదు పెద్దమ్మా. నీ మొగుని కాళ్ళు చూడు."

తంగం చూసింది. చూసి ఫోటోను ఒళ్ళో బోర్లించింది. కలైవాణి దాన్ని లాక్కుంది. పుట్టినప్పటినుంచి చూస్తున్న ఫోటో, ఏనాడూ ఆమెకు కనబడలేదు. ఉత్తకాళ్ళ మనుషుల పక్కన, పసుపునీళ్ళు చల్లిన నేల మీద, తండ్రి కాళ్ళకు నల్లగా మెరిసే బూట్లు. యూనిఫారంతో పాటే బూట్లు అనుకుని ఊరు ఊరంతా వాటిని దాటిపోయింది.

"దేవరంటే ఇంట్లో అందరికన్నా బయపడేది ఆయనే," అంది తంగం మెల్లగా. "బూట్లతో యాడ నిలబడతాడు? ఆయన రాలేదమ్మా. తండ్రి లేకుండా చెవులు కుట్టిన ఫోటో మొగుడు పోయిన ఇంటి ఫోటో మాదిరి ఉంటాదని మా అత్త ఏడిస్తే, ఫోటోగ్రాఫరు నా పక్కన సందు వదిలి తీసినాడు. తై నెలలో, సంక్రాంతి పోయినాంక, ఈయన కట్టు కట్టిన చెయ్యితో ఇల్లు చేరినారు. వచ్చేటప్పుడే అతుకు వేసిన ఫోటో తెచ్చినారు. ఊర్లో మాత్రం వచ్చి పోయినారని చెప్పేసి ఉంటిమి. అంతే, ఆ ఫోటోను చూసి పారిపోయినోడు అని పేరు పెట్టినారు. ఈయన కాదని ఒక మాట అనలేదు. నన్నూ అననీలేదు."

నడవాలో ఇద్దరు నర్సులు నిలబడి వింటున్నారు. జానకియమ్మాళ్ ఉదయకుమార్ వైపు తిరిగింది.

"విన్నావా తమ్ముడూ? నీకు నేను మూడేండ్లు పని నేర్పిస్తిని. నేరం జరిగిన చోట మొదట కాళ్ళు చూడమని చెప్పినానా లేదా? నువ్వు మొగాలు చూసే నిలబడిపోయినావు."

నర్సుల్లో ఒకామె కిసుక్కుమంది. ఉదయకుమార్ పెదవులు బిగుసుకున్నాయి.

"అట్లయితే నీ కాళ్ళు, నీ బూట్లు పట్టుకొని నువ్వే కాపలా కాసుకో. నా మనిషికి వేరే పనుండాది."

అతను విసవిసా వెళ్ళిపోయాడు. బయట గార్డు బల్ల ఎత్తి లోపల పెట్టిన చప్పుడు వినిపించింది. కలైవాణి నడవాలోకి తొంగిచూసింది.

"అక్కా, ఆయన్ని పిలిపించు. గార్డు లేకపోతే ఎట్లా?"

"పట్టపగలు, నర్సులు తిరుగుతా ఉండే చోట ఎవడూ రాడు. పెద్దమ్మ ఉంటాది." కానీ జానకియమ్మాళ్ గొంతులో ఇందాకటి పదును లేదు. భూతద్దం ఫోటో మీద పెట్టింది. "ఇది చూడు."

ముత్తుపాండి కుడిభుజం మీద, చొక్కా తెలుపులో కలిసిపోయి, మూడు వేళ్ళ కొనలు. ఆ పక్కన మనిషి లేడు, ఉత్త ఆకాశం. కత్తెరకు అందకుండా మిగిలిపోయిన వేళ్ళు.

"ఈయన్ని వేరే ఫోటోలోనుంచి కత్తిరించినారు. అందులో పక్కన ఇంకొకడు ఉండాడు. వాడెవడో తెలిస్తే తలగడ పట్టుకున్నోడెవడో తెలుస్తాది."

ఫోటో అట్ట కింద అచ్చు. శివరంజని స్టూడియో, విరుదునగర్.

జానకియమ్మాళ్ పాత కారులో గంట ప్రయాణం. ఆ గంటలో కలైవాణి తల్లికి నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగుసార్లూ తంగం, "అట్లే ఉండాడు బిడ్డా, పైన ఫేను చూస్తా ఉండాడు," అని చెప్పింది.

స్టూడియో యజమాని మారిసామి, పాత ఫోటోగ్రాఫరు కొడుకు. ఇప్పుడు ఆధార్ ఫోటోలు, పెళ్ళి ఆల్బములు. పాత నెగటివుల మాట ఎత్తగానే నుదురు కొట్టుకున్నాడు.

"ఏమి ఈ వారమంతా అదే కావాలంటారు? మొన్నొక పెద్దాయన వచ్చినాడు. కారు, డ్రైవరు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. డెబ్బై రెండు నాటి నెగటివులు ఉండాయా అన్నాడు. అటక ఎక్కాలంటే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. అన్నీ చెదలు తినేసినాదని చెప్పినాను."

"చెప్తే?"

"అదే నాకు వింతగా ఉండాది. ఫోటో పోయినాదంటే ఎవురైనా దిగులు పడతారు. ఆయన నవ్వినాడు."

కలైవాణి వెనక్కి తిరిగింది. జానకియమ్మాళ్ అప్పటికే నిచ్చెన లాగుతోంది. అరవై దాటిన మనిషి చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని అటక ఎక్కింది. దుమ్ము, బల్లి గుడ్లు, వరసగా బిస్కెట్ డబ్బాలు. ఒక్కొక్కటీ కిందికి అందించింది.

"మీ నాయన అతుకు ఫోటో చేస్తే నెగటివులు ఎట్లా పెట్టేవాడు?"

"రెండూ ఒకే కాగితంలో చుట్టి రబ్బరు వేసేవాడు. విడదీస్తే ఏది ఎవరితో అతికించినామో తెలీకుండా పోతాదని," అన్నాడు మారిసామి. "సందు వదిలిన గుంపు ఫోటో కావాల. అది దొరికితే దాని జత దాంట్లోనే ఉంటాది."

డబ్బాలో చాలామటుకు జంటలే. సింగపూర్‌లో ఉన్న మొగుళ్ళు, రంగూన్‌లో ఉన్న తండ్రులు, అందరూ ఇక్కడ ఇంట్లోవాళ్ళ పక్కన అతుక్కున్నవాళ్ళే. ఎన్ని తిరగేసినా చెవులు కుట్టిన ఫోటో కనబడదు. కలైవాణి తొందరగా కాగితాలు విప్పుతూ రెండుసార్లు కింద పడేసింది. మూడో డబ్బా అడుగున దొరికింది. మేనమామ ఒళ్ళో తను, అమ్మ, అవ్వ, అంచున ఒక మనిషి పట్టేంత సందు. దానికి అంటుకుని ఇంకో నెగటివు.

మారిసామి దాన్ని లైటు పెట్టె మీద పెట్టి, సెల్‌ఫోన్‌తో తీసి, నలుపు తెలుపులు తిరగేశాడు.

ఇద్దరు నేవీవాళ్ళు. స్టూడియో నేల మీద బూట్లతో నిలబడ్డారు. ఎడమపక్క ముత్తుపాండి. అతని ఎడమచెయ్యి మోచేతిదాకా తెల్లటి కట్టు. పక్కవాడు నవ్వుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెవి తమ్మె నిలువునా చీలి ఉంది, చిన్నప్పటి పోగు తెగిన చెవి.

కలైవాణి ఫోనును దగ్గరికి లాక్కుంది. ప్రతి కార్తికంలోనూ తను దండ గుచ్చి ఇచ్చిన మొహం.

"సంగిలి మామ," అంది. "ఇది సంగిలి మామ అక్కా."

జానకియమ్మాళ్ ఆ చేతికట్టు మీద వేలు పెట్టింది.

"మంటలో మీ నాయన చెయ్యి కాలినాది. అదే మంటలో సంగిలి సచ్చిపోయినాడు. మరి కాలిన చెయ్యికి కట్టు కట్టినాంక, సచ్చినోడు వచ్చి పక్కన నిలబడి ఎట్లా నవ్వినాడు?"

ఆమె వేలు ఆ నవ్వే మొహం మీదికి జరిగింది.

"దూకినాడు. రేవు దగ్గర్లోనే ఉండాది, ఈదినాడు. పారిపోయింది మీ నాయన కాదు, ఈయన. 'నా కండ్లారా చూసినాను, మునిగిపోయినాడు' అని చెప్పి మీ నాయన కాపాడినాడు. అది అతుకు ఫోటో అని చెప్తే అసలు ఫోటో ఏదని అడగతారు, కూట్టాళి జైలుకి పోతాడు. అందుకని ఊరు పెట్టిన పేరు తాను మోసినాడు. సంగిలి ఇంకో పేరు పెట్టుకొని, పెద్దమనిషి అయి, కారులో తిరగతా ఉండాడు. నీ ఫోటోలో తన వేళ్ళు తాను చూసుకున్నాడు. మాట లేకపోయినా మీ నాయన ఊపిరితో ఉండేంతకాలం వానికి నిద్ర రాదు."

మారిసామి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఫోను దగ్గరికి వంగాడు.

"మొన్న వచ్చిన పెద్దాయనకు కూడా చెవి ఇట్లే చీలి ఉండాది," అన్నాడు.

కలైవాణి అప్పటికే తల్లి నంబరు నొక్కేసింది.

"అమ్మా, యాడ ఉండావు?"

వెనక గిన్నెల చప్పుడు. "కింద క్యాంటీన్లో బిడ్డా. ఇడ్లీ తింటా ఉండాను. పొద్దుట్నించి ఏమీ తినలేదని ఆయనే పంపించినాడు."

"ఎవురు?"

"మీ నాయనతో నేవీలో ఉండినాడంట. పెద్దమనిషి. మంచం కాడ కూర్చొని చిన్న బిడ్డ మాదిరి ఏడస్తా ఉండాడు. 'మీరు పోయి తినండమ్మా, నేను చూసుకుంటాను' అన్నాడు. ఇద్దరినీ కాసేపు వదలదామని..."

"పైకి పో అమ్మా! ఇప్పుడే! ఎవురినైనా పిలుచుకొని పో!"

జానకియమ్మాళ్ తన ఫోనులో ఉదయకుమార్‌ని పట్టుకుంది. అతని జవాబు కలైవాణికి కూడా వినిపించింది. "ఆ తాతనా? ఇందాక గేటు కాడ కనబడినాడు, నేనే పైకి పంపిస్తిని అక్కా. పాత స్నేహితుడు, కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నాడు... ఏమక్కా? ఎవురు? అయ్యో, నేను బస్టాండు కాడ ఉండాను. వస్తా ఉండా, వస్తా ఉండా!" పరుగెత్తే కాళ్ళ చప్పుడు, హారన్లు.

కలైవాణి తన ఫోనును చెవికేసి అదుముకుంది. తల్లి మెట్లెక్కుతోంది. మోకాళ్ళ నొప్పి, ఒక్కో మెట్టుకూ ఆయాసం. నర్సును పిలుస్తోంది, ఎవరూ పలకడం లేదు. చివరికి నడవా. తలుపు తట్టిన చప్పుడు.

"లోపల గొళ్ళెం పెట్టుండాది బిడ్డా."

"గట్టిగా కొట్టు! అరువు!"

తంగం తట్టింది. ఆగింది. తర్వాత ఆమె గొంతులో ఉన్నట్టుండి సంతోషం పొంగింది.

"వాణీ! మీ నాయనకు మాట వచ్చినాది! లోపల మాట్లాడతా ఉండాడు!"

"ఏమంటా ఉండాడమ్మా? ఏమంటా ఉండాడు?"

తలుపుకు చెవి ఆనించినట్టుంది తల్లి. ఆమె ఊపిరి మాత్రం వినబడింది.

"'వద్దురా... వద్దురా సంగిలీ...' అంటా ఉండాడు." కాసేపాగి, సంతోషమంతా ఆరిపోయిన గొంతుతో, "ఇప్పుడేమీ అనడం లేదు బిడ్డా," అంది.